బాగ్‌లింగంపల్లి పార్కులో నవ్వుల క్లబ్బు: అమ్మతో ఐదు నెలలు వెళ్లాక

బాగ్‌లింగంపల్లిలో మా ఇంటి నుంచి పది నిమిషాలు నడిస్తే ఒక పార్కు వస్తుంది, అక్కడ రోజూ పొద్దున 6:15కి నవ్వుల క్లబ్బు నడుస్తుంది. ఫీజు లేదు. టీకి, బిస్కెట్లకు నెలకు 50 రూపాయలు వేసుకుంటారు, అదీ ఇచ్చేవాళ్లు ఇస్తారు, ఇవ్వనివాళ్లను ఎవరూ అడగరు. జులై మొదటి వారం నుంచి మా అమ్మను తీసుకుని వెళ్తున్నాను. వానలకు, పండగలకు, మధ్యలో ఇద్దరికీ వచ్చిన వైరల్ ఫీవర్‌కు మానేసిన రోజులు తీసేసినా వంద రోజులకు తక్కువ కాకుండా వెళ్లి ఉంటాం. ఒక్క ఆదివారం చూసి వచ్చి రాస్తున్నది కాదని చెప్పడానికే ఈ లెక్క.

నవ్వుల క్లబ్బు అనగానే సగం మంది పిచ్చి అంటారు, మిగతా సగం మంది అన్ని రోగాలకూ అదే మందు అంటారు. రెండూ తప్పేనని నా కళ్లతో చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా నాయిన ఫిబ్రవరిలో పోయారు. అమ్మకు 71 ఏళ్లు, అందులో యాభై ఏళ్లు ఆయనతోనే. ఏడ్చినన్నాళ్లూ మాకు భయం వేయలేదు, ఏడుపు ఆగిపోయాకే భయం వేసింది. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది, టీవీ ముందు గంటలు గంటలు కూర్చునేది కానీ సీరియల్లో ఏం జరిగిందే అంటే చెప్పలేకపోయేది. మా అబ్బాయి వచ్చి ఒళ్లో పడుకుని ఎంత అల్లరి చేసినా పెదవులు కొంచెం కదిలేవి, అంతే. డాక్టరు గారు థైరాయిడ్, బీ12, షుగర్ అన్నీ చూశారు, డిప్రెషన్ గురించి అడగాల్సిన ప్రశ్నలన్నీ అడిగారు, చివరికి "ఇది దుఃఖమే అమ్మా, ఇప్పుడే మందులు వద్దు, నలుగురిలో తిప్పండి, నెల తర్వాత మళ్లీ చూద్దాం" అన్నారు. నలుగురిలో తిప్పడమంటే ఎక్కడ తిప్పాలి? చుట్టాల ఇంటికి తీసుకెళ్తే గుమ్మంలోనే నాయిన మాట వస్తుంది, మళ్లీ అందరూ కళ్లు తుడుచుకోవడమే.

మేలో ఒక ప్రకటన చూసి నవ్వు థెరపీ వర్క్‌షాప్‌కు వెళ్లాం, మనిషికి 2,500. ఎవరు పెట్టారో రాయను. ఏసీ హాలు, వరుసగా కుర్చీలు, స్టేజీ మీద మైకు, రెండు గంటల్లో గంటన్నర ఉపన్యాసమే. ఉపన్యాసం ఇచ్చినాయన మొదలుపెట్టిందే నార్మన్ కజిన్స్ కథతో, అమెరికాలో ఒక జర్నలిస్టు కామెడీలు చూసి క్యాన్సర్ తగ్గించుకున్నాడని. అది క్యాన్సర్ కాదు. 1964లో ఆయన కీళ్లు, వెన్ను బిగుసుకుపోయి మంచాన పడితే, వెన్నుపూసల కీళ్లవాతం అన్నారు డాక్టర్లు. ఆయన హాస్పిటల్ వదిలి హోటల్ గదికి మారి కామెడీలు చూశాడు, పది నిమిషాలు కడుపారా నవ్వితే రెండు గంటలు నొప్పి లేకుండా నిద్ర పట్టిందని 1976లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశాడు. అదే సమయంలో పెద్ద మోతాదులో విటమిన్ సి కూడా ఎక్కించుకున్నాడు, డాక్టరును వదల్లేదు. ఒక్క మనిషి అనుభవం అది. విలువైన అనుభవమే, నవ్వు మీద పరిశోధన చేయాలన్న ఊపు చాలామందికి దాంతోనే వచ్చింది. కానీ ఆ కథ చెప్పి, చివర్లో "21 రోజులు మనసారా నవ్వండి, బీపీ గోళీలు డస్ట్‌బిన్‌లో వేయండి" అన్నాడు ఆ ఉపన్యాసకుడు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఆ మాట డైరీలో రాసుకుంటోంది. నాకు ఒళ్లు మండిపోయింది. బ్రేక్‌లో ఆమె దగ్గరకు వెళ్లి గోళీలు మానొద్దని బతిమాలి చెప్పాను. నిర్వాహకులను అడిగితే "పాజిటివ్‌గా తీసుకోండి మేడమ్" అన్నారు. ఐదు వేలు పోతే పోయాయి, గోళీ మానేసిన మనిషికి పక్షవాతం వస్తే ఎవరు పాజిటివ్‌గా తీసుకుంటారు? అమ్మ ఆ రెండు గంటల్లో ఒక్కసారి కూడా నవ్వలేదు.

పార్కు సంగతి మా వాచ్‌మన్ భార్య చెప్పింది. అక్కడ నడిపించేది రిటైరైన ఆర్టీసీ కండక్టర్ ఒకాయన, అందరూ కండక్టర్ గారు అనే పిలుస్తారు. మెడలో ఇప్పటికీ విజిల్ ఉంటుంది. మొదటి రోజు మమ్మల్ని చూడగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇదే: "బీపీ గోళి ఏసుకునే వచ్చినవా అక్కా? ఇక్కడికొస్తున్న అని గోళి బంద్ చెయ్యకు. ఇది గోళికి బదులు కాదు, గోళితోటి పాటు." ఆ ఒక్క మాటకే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది. తర్వాత ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా, హెర్నియా ఉందా, ఫిట్స్ వస్తాయా, కంట్లో ప్రెషర్ ఉందా అని అడిగి, ఒక పాత బస్ ట్రిప్‌షీట్ లాంటి పుస్తకంలో రాసుకున్నారు.

ఇక సెషన్. పాతిక నుంచి ముప్పై మంది వస్తారు, ఆదివారం నలభై దాటుతుంది. వేపచెట్టు కింద గుండ్రంగా నిలబడతారు, వరుసల్లో కాదు, ఎందుకంటే ఒకరి మొహం ఒకరికి కనపడాలి. ముందు చేతులు రెండూ పూర్తిగా ఆనేలా చప్పట్లు, హో హో హ హ హ అంటూ. తర్వాత ఊపిరి, నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చి, ఎంత నెమ్మదిగా వదలగలిగితే అంత నెమ్మదిగా వదలాలి. తర్వాత ఒక్కో నవ్వు. నమస్తే నవ్వు అంటే చేతులు జోడించి ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తూ నవ్వడం. సింహం నవ్వు అంటే నాలుక బయటపెట్టి, కళ్లు పెద్దవి చేసి, పొట్టలోంచి నవ్వడం. ఫోన్ నవ్వు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఎవరో ఏదో చెప్పినట్టు. కరెంటు బిల్లు నవ్వు, అరచేతిలో బిల్లు చూసి పక్కవాళ్లకు చూపిస్తూ. మజ్జిగ నవ్వు, ఒక చేతిలో చెంబు, ఇంకో చేతిలో గ్లాసు ఉన్నట్టు ఊహించుకుని, అందులోంచి ఇందులోకి వంచుతూ ఏ ఏ ఏ అని రాగం తీసి, గటగటా తాగినట్టు తల వెనక్కి వాల్చి హహహా అనడం. ప్రతి రెండు నవ్వుల మధ్య మళ్లీ చప్పట్లు, ఊపిరి. చివర ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని నిశ్శబ్దంగా కూర్చోవడం. మొత్తం 35 నిమిషాలు. విజిల్ ఒకసారి ఊదితే ఆగాలి, రెండుసార్లు ఊదితే రైట్ రైట్.

ఈ పద్ధతి పుట్టింది ముంబైలో. 1995 మార్చి 13న డాక్టర్ మదన్ కటారియా ఒక పార్కులో ఐదుగురితో మొదలుపెట్టారు. మొదట్లో అందరూ జోకులు చెప్పుకునేవాళ్లట, రెండు వారాలు తిరిగేసరికి మంచి జోకులు అయిపోయాయి, ఒకరిని నొప్పించేవి, అసభ్యంగా ఉండేవి రావడం మొదలైంది. అప్పుడు ఆయన, యోగా నేర్పే ఆయన భార్య మాధురి కలిసి అసలు జోకే లేకుండా నవ్వే ఈ వ్యాయామాలు తయారుచేశారు. ఇప్పుడు ప్రపంచమంతా ఉన్నాయి, మే మొదటి ఆదివారం ప్రపంచ నవ్వుల దినోత్సవం కూడా జరుపుకుంటారు.

జోకు లేకుండా నవ్వేంటి, ఏడ్చినట్టు ఉండదా అని నాకూ అనిపించింది. మొదటి పది రోజులూ అలాగే ఉండింది కూడా. అమ్మ చేతులు కదిపేది, చప్పట్లు కొట్టేది, నవ్వు దగ్గరకు వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడేది. అది ఈ దుఃఖం వల్ల వచ్చిన అలవాటు కూడా కాదు. మా అమ్మమ్మ కాలంలో ఆడపిల్ల పకపకా నవ్వితే "నవ్వు నాలుగు విధాల చేటు" అని వెంటనే సామెత వచ్చి పడేది. చిన్నప్పటి నుంచి అమ్మ నవ్వు ముసిముసిగానే చూశాను, బయటివాళ్ల ముందు అదీ లేదు. మన భాషలో నవ్వుకు ఎన్ని మాటలో చూడండి, కిలకిల, పకపక, ఇకఇక, ముసిముసి, విరగబడి, పొట్ట చెక్కలయ్యేలా. భరతుడు నాట్యశాస్త్రంలో స్మితం నుంచి అతిహసితం దాకా ఆరు రకాలు చెప్పాడు. ఇన్ని పేర్లు పెట్టుకున్నాం, ఇంట్లో ఆడవాళ్లను మాత్రం మొదటి మెట్టు మీదే ఆపేశాం. కండక్టర్ గారు కొంగు తీయమని ఒక్కరోజు కూడా అనలేదు. "అక్కకు ఎప్పుడొస్తె అప్పుడొస్తది, చెయ్యి మాత్రం ఆడియ్యుండ్రి" అనేవారు.

పదకొండో రోజో పన్నెండో రోజో, సన్నగా తుంపర పడుతోంది, జనం తక్కువగా వచ్చారు. మజ్జిగ నవ్వు నడుస్తోంది. అమ్మ పక్కన రోజూ నిలబడే ఆమె ఉంది, చిక్కడపల్లి నుంచి వస్తుంది, నిండుగా ఉంటుంది మనిషి, బీపీ ఉంది. ఆమె లేని గ్లాసు పట్టుకుని అమ్మ వైపు తిరిగి, "ఉప్పేసినవా వదినా?" అంది. అమ్మ చేతులు ఆగిపోయాయి. ఒక క్షణం ఆమెనే చూసి, "నీకు బీపీ ఉంది కద, నీకెందుకే ఉప్పు?" అంది, సీరియస్‌గానే అంది, ఇంట్లో అన్నట్టే. ఆమె "చిటికెడు ఎయ్యి వదినా, ఎవ్వలకు చెప్పను" అని గ్లాసు ఇంకా ముందుకు చాపింది. అప్పుడు వచ్చింది అమ్మకు నవ్వు. ముందు ముక్కులోంచి చిన్న శబ్దం, తర్వాత భుజాలు కదిలాయి, తర్వాత ఆపుకోలేక వంగిపోయింది, కొంగు ఎక్కడుందో కూడా చూసుకోలేదు. ఆ గ్లాసామె నవ్వు, ఆ పక్కామె నవ్వు, గుండ్రంగా ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు, విజిల్ ఊదినా ఎవరూ ఆగలేదు. రెండు మూడు నిమిషాలు అలా నవ్వి నవ్వి అమ్మ బెంచీ మీద కూర్చుని ఏడ్చేసింది. నేను పక్కన కూర్చున్నాను. "మీ నాయిన కూడా గిట్లనే అడిగేటోడు బిడ్డా, చిటికెడు ఎయ్యి, ఎవ్వలకు చెప్పను అని" అంది. ఫిబ్రవరి తర్వాత ఆయన గురించి ఒక మాటను ఆమె అంతట ఆమె చెప్పడం అదే మొదటిసారి. ఇంటికి నడిచి వస్తూ ఇంకా రెండు సంగతులు చెప్పింది, రెండూ నవ్వొచ్చే సంగతులే.

ఆ రోజు నుంచి నేను దీని గురించి చదవడం మొదలుపెట్టాను. దొరికినదాంట్లో గట్టిగా నిలబడే విషయాలు కొన్ని చెప్తాను, ఎందుకంటే ఇలాంటి చోటికి వెళ్లాలా వద్దా అని తేల్చుకోవడానికి అవే పనికొస్తాయి.

మనం నవ్వేది జోకులకు అనుకుంటాం, కాదు. రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికన్ న్యూరోసైంటిస్టు తన బృందంతో షాపింగ్ మాల్స్‌లో, కాలేజీల్లో మామూలు జనం నవ్వుకునే సందర్భాలు 1,200 దాకా రాసుకుని చూస్తే, వాటిలో జోకు లాంటి మాట తర్వాత వచ్చిన నవ్వులు 20 శాతం లోపే. మిగతావన్నీ "సరే వస్తా మరి", "ఇదిగో వచ్చాడు" లాంటి ఉత్త మాటలకే. ఒంటరిగా ఉన్నప్పటికంటే మనుషుల మధ్య ఉన్నప్పుడు 30 రెట్లు ఎక్కువ నవ్వుతామని కూడా ఆయన తేల్చారు. "ఉప్పేసినవా వదినా" అన్నదాంట్లో జోకు ఏముంది? రాసి చూస్తే ఏమీ లేదు. అడిగిన మనిషి ఎదురుగా ఉంది, అంతే. టీవీ ముందు అమ్మను కూర్చోబెట్టి కామెడీ ఛానల్ పెట్టి మేము నెలల తరబడి చేసిన పొరపాటు ఇదే, ఆమెను ఒంటరిగా నవ్వమన్నాం.

నిజం నవ్వుకు, కావాలని నవ్వే నవ్వుకు మెదడులో దారులు వేరు. కావాలని నవ్వేటప్పుడు కదలికలను ప్లాన్ చేసే పై పొరల నుంచి ఆర్డర్ వస్తుంది, దానంతట అదే వచ్చే నవ్వు లోపల భావోద్వేగాలు నడిపే పాత భాగాల నుంచి వస్తుంది. లండన్‌లో సోఫీ స్కాట్ బృందం చూసినదేమిటంటే, వినేవాళ్ల మెదడుకు కూడా ఈ తేడా తెలుస్తుంది, కావాలని నవ్విన నవ్వు వింటే "ఇతను ఎందుకు నవ్వుతున్నాడు" అని ఎదుటివాళ్ల మనసు అంచనా కట్టే భాగాలు ఎక్కువ పనిచేస్తాయి. పైకి తెలిసే గుర్తు కళ్ల దగ్గర ఉంటుంది, 1862లోనే ఫ్రెంచ్ డాక్టరు డుషెన్ రాశాడు, నిజం నవ్వుకు కంటి చుట్టూ ఉండే కండరం బిగుస్తుంది, కళ్ల చివర ముడతలు పడతాయి, పెదవులను సాగదీయగలం గానీ దాన్ని తెచ్చిపెట్టుకోవడం కష్టం. ఆ తుంపరలో నేను అమ్మ కళ్ల చివరలే చూశాను.

మరి తెచ్చిపెట్టుకున్న నవ్వుతో ఉపయోగం ఏంటి? ఇక్కడ సైన్సు కొంచెం తగ్గి మాట్లాడుతుంది, నాకు అది నచ్చింది. పెన్ను పళ్ల మధ్య పట్టుకుంటే మొహం నవ్వినట్టు అయి కార్టూన్లు ఎక్కువ నవ్వొచ్చేలా అనిపిస్తాయని 1988లో ఒక పరిశోధన వచ్చింది, పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కింది. 2016లో 17 ల్యాబులు మళ్లీ చేసి చూస్తే రాలేదు. 2022లో 19 దేశాల్లో 3,878 మందితో ఇంకా పెద్దది చేశారు, పెన్ను పద్ధతి తేలలేదు గానీ, నవ్వు మొహాన్ని చూసి అనుకరించినప్పుడు, తానుగా నవ్వు మొహం పెట్టినప్పుడు మనసు కొంచెం తేలికపడుతుందని తేలింది. కొంచెమే. వర్క్‌షాప్‌లో చెప్పినంత కాదు. పార్కులో తెచ్చిపెట్టుకున్న నవ్వు చేసేది, నా అనుభవంలో, తలుపు తీసి ఉంచడమే. ఎవరో ఒకరికి నిజం నవ్వు వస్తే అది లోపలికి రావడానికి.

నిజం నవ్వు వచ్చాక జరిగేవి మాత్రం బాగానే కొలిచారు. ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్బార్ బృందం 2011లో మనుషులను గుంపుగా కూర్చోబెట్టి కామెడీ వీడియోలు చూపించి, ముందూ తర్వాతా ఎంత నొప్పి ఓర్చుకోగలరో చూసింది, చేతికి గడ్డకట్టిన చల్లటి పట్టీ వేసి, బీపీ పట్టీ బిగించి. నవ్విన తర్వాత ఓర్పు పెరిగింది, డాక్యుమెంటరీ చూసినవాళ్లకు పెరగలేదు. అది ఎండార్ఫిన్ల వల్లే అని అప్పుడు ఊహించారు, 2017లో ఫిన్లాండ్‌లోని తుర్కులో 12 మంది మగవాళ్లను స్నేహితులతో అరగంట నవ్వించి పెట్ స్కాన్ తీస్తే మెదడులో ఆ సహజమైన నొప్పి నివారణ రసాయనాలు నిజంగానే విడుదలయ్యాయని కనిపించింది. స్టాన్‌ఫర్డ్‌లో 2003లో కార్టూన్లు చూపించి స్కాన్ తీస్తే, నవ్వొచ్చినప్పుడు మనకు ఇష్టమైనది దొరికితే వెలిగే రివార్డ్ భాగాలే వెలిగాయి. ఇక ఒంట్లో చూస్తే నవ్వంటే పొడవైన ఊపిరి వదలడమే, డయాఫ్రం, పక్కటెముకల కండరాలు గట్టిగా పనిచేసి తర్వాత వదులవుతాయి, బాగా నవ్వాక చేతుల్లో పట్టు కూడా తగ్గినట్టు ఉంటుంది. అమ్మ ఆ రోజు చెప్పుల్లో కాలు పెట్టుకోవడానికి నా భుజం పట్టుకుంది.

స్ట్రెస్ హార్మోన్ కార్టిసాల్ తగ్గుతుందని అందరూ చెప్తారు, 1989లో లీ బెర్క్ బృందం చూసింది నిజమే, కానీ అందులో ఉన్నది పది మంది, వాళ్లలో కామెడీ చూసింది ఐదుగురు. అంత చిన్న లెక్క మీద ఎవరూ గోళీలు మానకూడదు. బరువు తగ్గుతారని కూడా కొందరు వస్తారు, పది పదిహేను నిమిషాల నవ్వుకు ఖర్చయ్యేది 10 నుంచి 40 క్యాలరీలు, దానికంటే పార్కు చుట్టూ నడవడం మేలు.

నెలలో చివరి ఆదివారం మాత్రం ఇక్కడ జోకుల రోజు. దీని గురించి విడిగా రాయాలి, ఎందుకంటే ఈ క్లబ్బును మిగతావాటికంటే పైన పెట్టేది నా దృష్టిలో ఇదే. ఎవరైనా ముందుకు వచ్చి చెప్పొచ్చు, మూడు షరతులు: ఒకరి ఒంటి మీద, రంగు మీద ఉండకూడదు, కులం మతం మీద ఉండకూడదు, భార్య మీద, అత్త మీద ఉండకూడదు. ఆగస్టులో ఒకాయన పెళ్లాం మీద వాట్సాప్ జోకు మొదలుపెడితే సగంలోనే విజిల్ పడింది. "అన్నా, మీ ఇంట్ల వదిన ఇక్కడే నిలవడ్డది, ఆమె నవ్వుతలేదు. ఆమె నవ్వేది చెప్పు" అన్నారు కండక్టర్ గారు, గట్టిగా కాదు, మెల్లగానే. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, పెళ్లయిన కొత్తలో రాజమండ్రి బస్సు అనుకుని రాజంపేట బస్సు ఎక్కి ఇద్దరూ నంద్యాల దాకా వెళ్లిన సంగతి చెప్పాడు, ఆవిడే మధ్యలో అందుకుని పూర్తిచేసింది. కెనడాలో రాడ్ మార్టిన్ అనే సైకాలజిస్టు 2003లో హాస్యాన్ని నాలుగు రకాలుగా విడదీశారు, నలుగురిని కలిపేది, కష్టంలో తనను తాను నిలబెట్టుకునేది, ఎదుటివాళ్లను పొడిచేది, తనను తాను కించపరుచుకునేది. మొదటి రెండూ ఉన్నవాళ్ల మనసు ఆరోగ్యంగా ఉండే అవకాశం ఎక్కువ, చివరిదాని పక్కన ఆందోళన, డిప్రెషన్ ఎక్కువగా కనిపిస్తాయి. అంటే నవ్వు అన్న ప్రతిదీ మంచి చేయదు, ఏ నవ్వు అన్నది చూసుకోవాలి. కండక్టర్ గారికి ఆ పేపర్ల సంగతి తెలియదు, ముప్పై ఏళ్లు నిండు బస్సులో మనుషులను చూశారు.

ఒక జోకు అర్థం కావడానికి కూడా మెదడు చేసే పని తక్కువది కాదు. ఒక దారిలో వెళ్తున్న మాట చివర్లో ఇంకో దారిలోకి మలుపు తిరుగుతుంది, మనం వెనక్కి వెళ్లి మొదటి మాటను కొత్త అర్థంతో మళ్లీ చదువుకోవాలి, చెప్పినవాళ్ల మనసులో ఏముందో పట్టుకోవాలి, అదంతా ఒక్క సెకనులో. అందుకే అమ్మ సెప్టెంబరు చివరి ఆదివారం ఒక జోకుకు అందరికంటే ముందు నవ్వినప్పుడు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. సీరియల్లో ఏం జరిగిందో చెప్పలేకపోయిన మనిషి ఆమె.

ఇబ్బందులు కూడా రాయాలి. వానాకాలంలో దోమలు విపరీతం, కాళ్లకు ఓడోమాస్ రాసుకునే వెళ్లాలి. పార్కులో టాయిలెట్ ఏడు గంటల దాకా తాళం వేసి ఉంటుంది, పెద్దవాళ్లకు, ముఖ్యంగా గట్టిగా నవ్వితే మూత్రం ఆపుకోలేని ఆడవాళ్లకు ఇది చాలా కష్టం, ఈ కారణంగానే ఇద్దరు మానేశారు, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు, మా అమ్మతో చెప్పారు. మేము పది మంది సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం, ఇంకా తాళం అలాగే ఉంది. కుర్చీలు ఆరే ఉన్నాయి. చెవులు సరిగ్గా వినపడనివాళ్లు కండక్టర్ గారికి ఎదురుగా నిలబడాలి, పక్కన నిలబడితే ఏ నవ్వు నడుస్తోందో తెలియదు. ఉద్యోగాలకు వెళ్లే వయసువాళ్లు చాలా తక్కువ, నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకు ఈ టైమ్ కుదరదు, సాయంత్రం బ్యాచ్ పెట్టమని అడుగుతున్నాం.

ఎవరు వెళ్లకూడదంటే, ఈమధ్య పొట్టకో ఛాతీకో ఆపరేషన్ అయినవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు, బీపీ కంట్రోల్‌లో లేనివాళ్లు, ఫిట్స్ వచ్చేవాళ్లు డాక్టరును అడగకుండా వెళ్లొద్దు. ఇంకొకటి, మీ ఇంట్లో మనిషి వారాల తరబడి నిద్రపోకుండా, తినకుండా ఉన్నా, బతకాలని లేదన్న మాట ఒక్కసారి వచ్చినా ముందు పార్కుకు కాదు, సైకియాట్రిస్టు దగ్గరకు తీసుకెళ్లండి. 14416కు ఫోన్ చేయండి, టెలీ మానస్, ప్రభుత్వానిదే, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. దుఃఖం వేరు, డిప్రెషన్ వేరు, తేడా చెప్పాల్సింది డాక్టరే. మేము నెల నెలా చూపించుకుంటూనే ఉన్నాం.

అమ్మకు ఇప్పుడు ఎలా ఉందంటే, దుఃఖం పోలేదు. సాయంత్రం ఆరు గంటలకు నాయిన వచ్చే టైమ్‌కు గుమ్మం వైపు చూడడం ఇంకా ఉంది. కానీ పొద్దున ఐదున్నరకే చీర మార్చుకుని నన్ను లేపుతోంది. నిద్ర మెరుగైంది. చిక్కడపల్లి ఆమెతో రోజూ మధ్యాహ్నం ఫోను. బీపీ గోళీ మోతాదు అదే ఉంది, మారలేదు, ఎవరైనా అడిగితే అదే చెప్తున్నాను.

ఐదుకు నాలుగున్నర ఇస్తాను, తగ్గించిన సగం ఆ తాళం కోసం. రావాలనుకునేవాళ్లు చిక్కడపల్లి మెట్రో దిగి ఆటోలో రావచ్చు, మొదటి రోజు పది నిమిషాలు ముందు వస్తే కండక్టర్ గారు ఆ పుస్తకంలో వివరాలు రాసుకుంటారు, మీరు వేసుకునే మందుల పేర్లు ఒక చీటీ మీద రాసి తెచ్చుకోండి. బూట్లు అక్కర్లేదు, చెప్పులు చాలు, మంచినీళ్లు తెచ్చుకోండి. చలి మొదలైంది కాబట్టి వచ్చే సోమవారం నుంచి టైమ్ 6:30. వేపచెట్టుకు ఎడమ పక్కన పచ్చ శాలువా కప్పుకుని ఉండేది మా అమ్మ, కొత్తవాళ్లకు మజ్జిగ నవ్వు ఇప్పుడు ఆమే నేర్పిస్తోంది.